అప్పగింతల దగ్గర ఆగిపోయే డీవీడీ

మా అక్క ప్రమీల ఇక లేదు. మహబూబాబాద్‌లోని తన ఇంట్లో మధ్యాహ్నం భోజనం చేసి, కంప్యూటర్ ముందున్న కుర్చీలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే వెళ్లిపోయింది. భూపాలపల్లిలో నేను పాఠాలు చెప్పే కళాశాలలో జవాబుపత్రాలు దిద్దుతుంటే ఫోను మోగింది. అక్క పక్కింటి సక్కుబాయి గొంతు. "మేడం లేస్తలేదక్కా, పిలిస్తె పలుకుతలేదు. జర జల్ది రా." ఆ మాట విన్న తర్వాత కూడా నా చేతిలోని ఎర్ర కలం ఒక జవాబుకు మార్కు వేసింది. చెవికి అందిన వార్త చేతికి ఇంకా అందలేదు. బస్సులో పరకాల, హన్మకొండ దాటుతున్నంతసేపూ "చక్కెర తగ్గి ఉంటుంది, కళ్లు తిరిగి ఉంటాయి" అని నాతో నేనే వాదించుకుంటూ కూర్చున్నాను. వాదనలో నన్ను గెలిచిన మనిషి మా ఇంట్లో అక్క ఒక్కతే. ఆ రోజు కూడా ఆమే గెలిచింది.

ఆమె పనిచేసి విరమించిన పాఠశాలలో సంతాప సభ పెట్టారు. వక్తలందరూ ఒకే పల్లవి ఎత్తుకున్నారు. ప్రమీల మేడంకు కంప్యూటర్ అంటే పంచప్రాణాలట. ఆ వయసులో సాంకేతిక విద్యను ఆపోశన పట్టిన విదుషీమణి అట. కాలనీవాళ్ల పెళ్లి డీవీడీలకు పునర్జన్మ ప్రసాదించి, చివరికి ఆ యంత్రం సన్నిధిలోనే కన్నుమూసిన కర్మయోగిని అట. ముందు వరుసలో పళ్లు కొరుకుతూ కూర్చున్నాను. పోయిన మనిషి మీద పూలు చల్లండి, కాదనను. అబద్ధాలు మాత్రం చల్లకండి.

మా అక్కకు కంప్యూటర్ అంటే ప్రేమ లేదు. వైరం. బిడ్డ స్వాతి చదువు కోసం ఇంటికి వచ్చిన ఆ యంత్రాన్ని ఆమె మొదట ముట్టుకోనైనా లేదు. గుడ్డ కప్పి, "ఆ డబ్బా" అని పిలిచేది. తర్వాత దాని ముందు కూర్చోవడం మొదలుపెట్టిందంటే, ఒకే ఒక్క డీవీడీ కోసం. ఊరి డీవీడీలన్నీ ఆడించిన మనిషి తన డీవీడీని మాత్రం తనకు కావలసినట్టు ఆడించలేకపోయింది. ఈ మాట ఆ వేదిక మీద ఎవరూ చెప్పలేదు. అందుకే నేను రాస్తున్నాను.

అది స్వాతి పెళ్లి డీవీడీ. పెళ్లి జనగామలో జరిగింది. పెళ్లికొడుకువాళ్లది విజయవాడ వైపు. అక్క సాంఘికశాస్త్రం టీచరు; వరంగల్‌లో డిగ్రీ చదివిన మనిషి. బడిలో పిల్లలు "సార్ వచ్చిండు" అంటే "వచ్చారు అనాలి" అని దిద్దేది. ఇంట్లో మాత్రం అవ్వతో మా మాటే మాట్లాడేది. అవ్వ అంటే మా అమ్మ. దేవరుప్పుల పక్క పల్లెలో పొలం, పశువులు తప్ప వేరే లోకం ఎరుగని మనిషి. పెళ్లినాడు విడిదింట్లో వియ్యపురాలి అక్కగారు, పట్టుచీర సవరించుకుంటూ అక్కతో అన్నది:

"మీ అమ్మగారు భలే మాట్లాడతారండీ! అచ్చం సినిమాల్లో నవ్వించేవాళ్ల యాసండీ."

నేను ఊరుకుంటానా? "మా అవ్వ మాతోని మాట్లాడుతున్నదండీ. నడుమ మీకు టికెట్టు ఎవరిచ్చిండ్రు?"

అక్క నా మోచేయి గిల్లింది. "ముయ్యే నోరు. పెండ్లి పెటాకులు జేస్తవా?"

అవ్వకు సగమే వినబడింది. "ఏమంటున్నది బిడ్డా గామె?"

"నీ మాట ముద్దుగున్నదంటున్నది అవ్వా" అన్నది అక్క.

"గట్లనా? అయితె ఇంక జర మాట్లాడుత" అని అవ్వ వియ్యపురాలి అక్కగారి చేయి పట్టుకుని వానల గురించి, బర్రె ఈనిన ముచ్చట గురించి చెప్పడం మొదలుపెట్టింది. నాకు నవ్వాగలేదు. అక్క నవ్వలేదు. ఆమె ముఖం మాడిపోయింది.

సాయంత్రం అప్పగింతలు. పాలగిన్నెలో చేతులు ముంచి పిల్లను అత్తగారి చేతుల్లో పెడుతుంటే అవ్వ పాటెత్తుకుంది. అప్పగింతల పాట అవ్వకు ఎవరూ నేర్పలేదు, ఏ పెళ్లికి ఆ పెళ్లికి అప్పటికప్పుడు అల్లేది. పిల్ల పేరు, తమ్ముళ్ల పేర్లు, పెరట్లో చెట్టు, ఇంట్లో ఆవు, చిన్నప్పుడు పిల్లకొచ్చిన అమ్మవారు, అన్నీ అందులోకి వచ్చేవి. "బువ్వ వెట్టిన చెయ్యి మరువకు బిడ్డా, బుక్కెడు మిగిలితె మమ్ముల యాది జెయ్యి" అన్న చరణం ఒక్కటే నాకిప్పుడు గుర్తు. తక్కినదంతా గాలిలో పోయింది. అప్పుడు ఏడవని మనిషి లేదు. పొద్దున నవ్విన ఆ వియ్యపురాలి అక్కగారే కొంగు నోట్లో కుక్కుకుని వెక్కివెక్కి ఏడ్చింది. నేను కళ్లారా చూశాను. అక్క చూడలేదు. ఆమె పక్కకు తిరిగి వీడియో తీస్తున్న శ్రీశైలం చెవిలో ఏదో చెబుతోంది. భోజనాల దగ్గరికి కెమెరా పట్టుకుని రమ్మంటోందేమో అనుకున్నాను.

డీవీడీ చేతికొచ్చాక అందరిలాగే మేమూ మూడుముళ్ల దాకా చూసి, విసుగొచ్చి తీసేశాం. పెళ్లి వీడియో ఆసాంతం చూసే ఓపిక ఎవరికుంటుంది? శుభమైన వస్తువని అక్క దాన్ని దేవుని అర్రలో పెట్టింది. ఆ దసరాకు అవ్వ మహబూబాబాద్‌లోనే, తన మాటలో మానుకోటలోనే ఉంది. ఆయుధపూజ నాడు బండికి, కుట్టుమిషనుకు, కత్తిపీటకు, కంప్యూటర్‌కు బొట్లు పెట్టుకుంటూ వచ్చి, ఈ డీవీడీకీ తడి పసుపు అద్ది కుంకుమ పెట్టింది. పెట్టింది మెరిసే వైపున!

"అవ్వా, గటు దిక్కు వెట్టద్దే! గటు దిక్కే బొమ్మ ఉంటది" అని అక్క మొత్తుకుంది.

"నాకు తెల్వదా? అద్దమోలె నా మొకం కనవడ్డదిక్కే దాని మొకం. బొట్టు మొకానికి వెట్టక వీపుకు వెడుతరా?" అన్నది అవ్వ.

ఆ బొట్టు అంచుకు దగ్గరగా పడింది. డీవీడీ మధ్యలోంచి అంచువైపు నడుస్తుంది కాబట్టి, పెళ్లి మొదలంతా బాగానే ఆడేది. చివరికి పాలగిన్నె దగ్గరికి వచ్చేసరికి బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోయి నిలిచిపోయేది. పాలగిన్నె మీద అవ్వ చేతులు, తెరవబోతున్న అవ్వ నోరు. అంతే. అవ్వ ఒకసారి అది చూసి, "ఆగితె ఆగనీ తియ్యి, నేనున్న గద. పాడుమంటె పాడుత" అన్నది. మేమెవరం పాడమనలేదు. వంటింట్లో కుక్కర్ కూస్తోంది, చూడాలని లేచిపోయాం.

అవ్వ పోయిన తర్వాత గానీ ఆ మాట మాకు తగల్లేదు. ఫొటోలున్నాయి. గొంతు లేదు. అవ్వ గొంతు ఈ లోకంలో ఎక్కడైనా ఉందంటే ఆ డీవీడీ అంచున, ఆ బొట్టు కింద ఉంది. స్వాతి దగ్గరున్న కాపీ ఇల్లు మారినప్పుడు ఎక్కడో పోయింది.

"తుడిస్తే పోతుంది కదక్కా" అన్నాను.

"అది బొట్టు గాదే, అవ్వ వేలు" అన్నది అక్క. నిజమే. ఎండిన పసుపులో వేలిగీతలు కనిపించేవి.

ఇక్కడే, సభలో మాట్లాడిన పెద్దలారా, మీరు పొగిడిన విద్య పుట్టింది. బొట్టు తుడవకుండా ఆ డీవీడీ ఆడాలని పట్టుబట్టి మా అక్క తక్కినవన్నీ నేర్చుకుంది. డీవీడీ పెట్టే అర విప్పించి లోపలి కంటిమీది దుమ్ము దూదితో తీసింది. అర కొత్తది వేయించింది. ఒక ప్లేయరు చదవకపోతే మరోటి ఎక్కించింది. కొత్త కంప్యూటర్లలో డీవీడీ పెట్టే చోటే లేదని తెలిసి, పక్కన తగిలించే అర ఒకటి విడిగా తెప్పించింది. రోగం ఎక్కడుందో తెలుసు, మందు మాత్రం ఒళ్లంతా రాసింది, ఆ ఒక్క చోటు వదిలి.

ఈ ప్రయాసలో ఇరుగుపొరుగు డీవీడీలు బాగుపడ్డాయి. తెరుచుకోని అరను, ముందున్న సన్న రంధ్రంలో పిన్నీసు కొన గుచ్చి బయటికి రప్పించేది. పిన్నీసు తన చీర కుచ్చిళ్లలోదే. పని కాగానే మళ్లీ అక్కడే పెట్టుకునేది. డీవీడీని ఎవరైనా గుండ్రంగా తుడిస్తే ఊరుకునేది కాదు. "ముగ్గు తిప్పుతున్నవానే? గుండ్రంగ రాకితె గీతపొంటి గీత వడుతది. నడిమిట్లకెళ్లి అంచుకు, నిలువుగ తుడువాలె" అని చేతిలోంచి లాక్కునేది. ఆమె నోట మాటిమాటికీ వచ్చే మాట ఇంకోటుంది: "ఆగిన కాడ తుడువాలె, అంతట గాదు." బడిలో వెనకబడిన పిల్లల విషయంలోనూ ఇదే చెప్పేది. మొత్తం పాఠం మళ్లీ చెప్పకుండా, వాడికి అడ్డుపడిన ఆ ఒక్క మాట ఏదో పట్టుకునేది. అందుకే ఆమె దగ్గర చదివినవాళ్లు ఆమెను మరిచిపోలేదు. ఇంత చక్కటి సూత్రాన్ని తన విషయంలో ఎందుకు పాటించలేదని మాత్రం అడగకండి. పరులకు చెప్పే నీతులు ఇంటి గడప దాటి లోపలికి రావడం నేనెక్కడా చూడలేదు.

సక్కుబాయి తండా నుంచి వచ్చి మా అక్క ఇంటి పక్కన స్థిరపడిన అంగన్‌వాడీ టీచరు. ఒకనాడు తన చెల్లెలి పెళ్లి డీవీడీ తెచ్చింది. నేనూ ఉన్నాను. అక్క తుడిచి పెట్టింది. ఆడింది. పెళ్లికూతురు ఒక్కొక్కరి మెడ కావలించుకుని వాళ్ల భాషలో ఏడుస్తూ పాడుతోంది. చుట్టూ ఆడవాళ్లు గొంతు కలుపుతున్నారు. వెనక కుక్క అరుపు, ఎవరో పిల్లాణ్ణి తిట్టడం, అన్నీ వినబడుతున్నాయి. అక్క చెయ్యి ఆగిపోయింది.

"మీ దాంట్ల సినిమా పాటలెయ్యలేదా సక్కుబాయీ?"

"వీడియో ఆయన ఏస్తనన్నడు మేడం. మా అమ్మ వద్దన్నది. మా ఆడోళ్ల గొంతులుండంగ ఎవల్లో గొంతులెందుకురా అని లొల్లి వెట్టింది."

"మీ అమ్మ మంచిగ జేసింది" అన్నది అక్క. ఆ ఏడుపుపాటనే మళ్లీ మొదటి నుంచి పెట్టుకుని విన్నది.

ఆ వారమే నన్ను పిలిపించింది. "రా, తుడుస్తున్న. ఒక్కదాన్ని తుడువలేను." తడిపి పిండిన మెత్తటి నూలుగుడ్డతో, నడుమ నుంచి అంచుకు, అవ్వ వేలిని మెల్లగా తీసింది. గుడ్డకు పసుపుమరక అంటింది. ఆ గుడ్డ ఉతకలేదు. మడిచి బీరువాలో పెట్టింది. డీవీడీ పెట్టాం. పాలగిన్నె దగ్గరికి వచ్చింది. గళ్లు పడలేదు. అవ్వ చేతులు కదిలాయి. అవ్వ నోరు తెరిచింది. ఒక సినిమా పాట వచ్చింది.

నేను లేచి నిలబడ్డాను. అవ్వ పెదవులు కదులుతున్నాయి. గొంతు మాత్రం ఎవరో గాయనిది. వేణువులు, వయొలిన్లు. అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంటుంటే వెనక తబలా.

"వాడు, ఆ శ్రీశైలంగాడు! అప్పగింతల మీద సినిమా పాట ఏస్తడా? రేపే జనగామ పోయి వాని దుకాణం ముంగట నిలబడి అడుగుత!"

"వద్దే" అన్నది అక్క.

"ఎందుకు వద్దు? నలుగుట్ల పరువు దీస్త!"

"వద్దన్న గద! పిల్లలుగలోడు, వదిలెయ్యి. అందరు గట్లనే ఏస్తరు." ఆమె తెరవైపే చూస్తోంది. "పాట పైకెళ్లి ఏసిండ్రు గంతే. అవ్వది కిందనే ఉంటది. సినిమా డీవీడీల తెలుగొకటి, అరవమొకటి ఉంటది గద, మార్చుకుంటరు. గట్ల రెండోది ఉంటది, దొరుకుతలేదు."

జీవితంలో నేను నోరు మూసుకోవాల్సిన చోట్లు చాలా ఉన్నాయి, ఎక్కడా మూసుకోలేదు. ఆ ఒక్కచోట ఆమె మాట విని మూసుకున్నాను.

అక్కడి నుంచి ఆమె ఆఖరి వెతుకులాట మొదలైంది. ప్లేయరులో శబ్దం మార్చే చోట నొక్కి చూసేది. ఒకటే ఉందని చూపించేది. వేరే ప్లేయరు తెచ్చి మళ్లీ చూసేది. స్పీకర్లు మార్చింది, తీగలు మార్చింది. ఒకసారి నేను వెళ్లేసరికి స్పీకరు పిన్నును సగం మాత్రం గుచ్చి, వేళ్లతో అటూ ఇటూ కదుపుతోంది. పూర్తిగా గుచ్చితే పాట. సగం గుచ్చితే చిత్రం, గాయని గొంతు మాయమై వాయిద్యాలు మాత్రం ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు మిగిలాయి.

"సూసినవా? ఆమె గొంతు పోయింది. ఇగ దాని కిందికెళ్లి అవ్వ రావాలె. చెవు వెట్టు."

స్పీకరుకు చెవి ఆనించాను. అక్క అవతలి స్పీకరుకు ఆనించింది. ఆమె వేళ్లు పిన్నును వెంట్రుకవాసి కదుపుతున్నాయి. తెరమీద అవ్వ పాడుతూనే ఉంది.

"ఇనవడుతుందానే?"

"లేదక్కా."

"మల్ల ఇను."

మళ్లీ విన్నాను. బోలు వాయిద్యాలు. ఊపిరాడని వేణువు. "లేదక్కా" అన్నాను. ఆమె నాకేసి కోపంగా చూసింది. అవ్వ గొంతును నేనే ఎక్కడో దాచినట్టు.

ఈలోగా కాలం తిరగబడింది. మా మాటను చూసి నవ్వినవాళ్లే ఆ మాట కోసం వెతకసాగారు. బడి వార్షికోత్సవంలో "మన ఊరి అప్పగింతల పాట ఏదైనా పిల్లలకు నేర్పండి మేడం" అని అక్కను అడిగారు. దేశాల రాజధానులన్నీ కంఠస్థం వచ్చిన మా అక్కకు అవ్వ పాట రాదు. నాకూ రాదు. బువ్వపెట్టిన చేతి చరణం ఒక్కటి నేర్పి పంపాం. చప్పట్లు కొట్టారు.

ఆమె పోయిన రోజు నేను వెళ్లేసరికి ఆమెను నేలమీద పడుకోబెట్టారు. కంప్యూటర్ ఆపేశారు. డీవీడీ అర మూసి ఉంది. ఏడుస్తున్నవాళ్ల మధ్య నాకు ఎందుకో అది తెరవాలనిపించింది. నా పిన్నీసు తీసి రంధ్రంలో గుచ్చాను. అర బయటికొచ్చింది. అందులో ఏ డీవీడీ ఉందో మీకు చెప్పనక్కర్లేదు.

పెద్దకర్మ నాడు శ్రీశైలం వచ్చాడు. దుకాణం ఎత్తేసి ఇప్పుడు టైలు పనులు చేయిస్తున్నాడు. తినమంటే తినకుండా విస్తరి ముందు కూర్చుని, నన్ను పక్కకు పిలిచాడు.

"అక్కా, పోయినోళ్ల మాట జెప్పద్దు గని, మనసుల వెట్టుకోలేను. ఆ పాట నేను ఏసింది గాదు. ఆ పొద్దు మేడమే నా చెవుల జెప్పింది. మా అవ్వ పాట ఉంచకు తమ్మీ, ఎదురోళ్లు నవ్వుతరు, ఏదన్న మంచి సినిమా పాట ఎయ్యి అని. మస్తుగ పాడుతున్నది మేడం, ఉండనియ్యి అన్న. ఇనలే."

"మరి కెమెరాలో తీసిన అసలు టేపు?" అన్నాను.

"ఉండె గద అక్కా. దాంట్ల పాట ఎట్ల పాడింది గట్లనే ఉండె. చానేండ్లు దాసిన, ఎవలన్న అడుగుతరని. దుకాణం ఎత్తేసినప్పుడు అన్నిటితోని పారేసిన."

"అక్క ఎప్పుడైనా వచ్చి అడిగిందా?"

"ఒక్కనాడు రాలే. ఫోనన్న జెయ్యలే."

ఆ దుకాణం ఎత్తేసింది ఎప్పుడని అడిగాను. మేం బొట్టు తుడిచిన తర్వాత. నేను జనగామ వెళ్తానని లేచిన ఆ రోజున ఆ టేపు అక్కడే, ఆ దుకాణంలో, ఏదో అరలో ఉంది.

అక్కను నేను నిందించడం లేదు. నిందించాలంటే ముందు నవ్వించడానికి మా మాటను వాడుకున్నవాళ్లను, ఆ నవ్వుకు జడిసి పిల్లల నాలుకలు దిద్దిన బడులను నిలబెట్టాలి. పిల్ల కాపురం చల్లగా ఉండాలన్న తల్లి భయం నాకు అర్థమవుతుంది. ఎంతోమంది పిల్లల అడ్డంకులను ఓర్పుతో తొలగించిన ఉపాధ్యాయురాలు, ఊరివాళ్ల శుభఘడియలను దుమ్ములోంచి తీసి చేతికిచ్చిన ఉదారురాలు, నన్ను పెంచి చదివించిన రెండో తల్లి. ఆమెకు నా ప్రణామం. మా ఇంట ఆ స్థానం ఇక శూన్యమే. వాదించడానికి ఎదుట మనిషి లేక నా మాటలు నాకే తిరిగి వస్తున్నాయి.

కానీ అక్కా, ఒక్కటి చెప్పు. ఆ డీవీడీలో అవ్వ గొంతు లేదని లోకంలో అందరికంటే ముందు తెలిసినదానివి నువ్వే. తీయించింది నువ్వే. ప్లేయర్లు మార్చినవ్, తీగలు మార్చినవ్, సగం గుచ్చిన పిన్నుకు నా చెవి ఆనించి "మల్ల ఇను" అన్నవ్. ఊరందరికీ చెప్పినవ్ గద, ఆగిన కాడ తుడువాలె అని. పొద్దున మానుకోటలో రైలెక్కితే పగటిబువ్వకు మళ్లీ ఇంట్లో ఉండేదానివి. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, జనగామ ఎందుకు పోలేదే?